చదువు ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలు: దుర్గాబాయి దేశ్‌ముఖ్

తెలుగు గడ్డ మీద పుట్టి దేశమంతటికీ పనికివచ్చిన మహనీయులలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన ధీరవనితగా, రాజ్యాంగ సభలో కూర్చున్న తెలుగు మహిళగా, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలిగా ఆమె పేరు మనందరికీ పరిచయమే. పోటీ పరీక్షలకు చదివే మన సీనియర్లకైతే ఆమె ఒక బిట్టు ప్రశ్న కూడా. ఈ వార్షికోత్సవ సంచికకు ఆమె జీవితం రాయాలని మేము అనుకున్నది మాత్రం వేరే కారణం చేత. మనలో చాలామంది ఇళ్ళల్లో అయిదుతోనో ఏడుతోనో బడి మానేసిన అక్క ఒకరు ఉంటారు. చిన్న వయసులో భర్త పోయిన పిన్నో, భర్త వదిలేస్తే పుట్టింటికి చేరిన మేనత్తో ఉంటారు. అలాంటి ఆడవాళ్ళు తమ కాళ్ళ మీద తాము నిలబడాలంటే ఏం కావాలి అన్న ప్రశ్నను దుర్గాబాయి గారు జాలితో కాకుండా లెక్కగా ఆలోచించారు. ఆ లెక్క ఏమిటో మనవాళ్ళకు తెలియాలని మా ఆశ.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. పెరిగింది కాకినాడలో. కలరా వంటి జబ్బులు వచ్చినప్పుడు తండ్రి రోగుల సేవకు వెళ్ళేవారట. ఆయన చిన్న వయసులోనే కన్నుమూశారు. ఎనిమిదేళ్ళకే దుర్గాబాయికి పెళ్ళి చేశారు. ఆ రోజుల్లో అది వింత కాదు. పెద్దయ్యాక తనకు ఆ కాపురం వద్దని, తన దారి వేరని ఆమె తేల్చి చెప్పారు. భర్తను మరో పెళ్ళి చేసుకోమని ఆమే చెప్పారు. పుట్టింటివారు ఆమె మాట మన్నించారు. ఇప్పుడు కూడా ఒక ఆడపిల్ల ఈ మాట అంటే ఇంట్లో ఎంత గొడవ జరుగుతుందో మనకు తెలుసు. ఆ కాలంలోనే అన్నారంటే ఆమె గుండె ధైర్యం ఎంతటిదో ఊహించుకోవాల్సిందే.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చారు. అప్పటికి దుర్గాబాయి పన్నెండేళ్ళ పిల్ల. ఊళ్ళోని దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు గాంధీజీని చూడాలని ఆమె పట్టుదల. వాళ్ళ కోసం వేరే సభ పెట్టాలంటే 5,000 రూపాయల నిధి ఇవ్వాలని, అప్పుడే గాంధీజీ సమయం కొన్ని నిమిషాలు దొరుకుతుందని పెద్దలు షరతు పెట్టారు. పిల్ల ఎలాగూ తేలేదు, పోతుందిలే అనుకుని ఉంటారు. ఆ డబ్బును దేవదాసీలే పోగు చేశారు. గాంధీజీ ఆ సభలో అనుకున్నదానికంటే చాలా ఎక్కువసేపు మాట్లాడారు. ఆయన హిందీ ప్రసంగాన్ని దుర్గాబాయే తెలుగు చేసి చెప్పారు. ఆడవాళ్ళు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. తర్వాత జరిగిన పెద్ద సభలో అనువాదం చేయడానికి కొండా వెంకటప్పయ్య గారి వంటి నాయకుడు ఉండగా, గాంధీజీ ఈ చిన్నపిల్లనే చేయమన్నారు.

ఈ కథను సాధారణంగా దుర్గాబాయి గారి తెలివికీ, చురుకుతనానికీ ఉదాహరణగా చెబుతారు. మాకు ఇందులో మరొకటి కనిపిస్తుంది. ఊరు చిన్నచూపు చూసిన స్త్రీల దగ్గర డబ్బు పోగుచేసే శక్తి ఉంది, మాట మీద నిలబడే గుణం ఉంది. వాళ్ళకు లేనిది గౌరవంగా బతికే దారి ఒక్కటే. ఆ వయసులో ఆమె దీన్ని ఈ మాటల్లో అనుకుని ఉండకపోవచ్చు గాని, తర్వాత చేసిన పనులన్నీ చూస్తే ఆ సభ ఆమె మనసులో ఉండిపోయిందని అనిపిస్తుంది.

బడిలో ఇంగ్లీషు మాధ్యమం నచ్చక ఆమె చిన్నప్పుడే చదువు మానేశారు. సొంతంగా హిందీ నేర్చుకుని, ఆడవాళ్ళ కోసం హిందీ పాఠశాల నడిపారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసిన సంగతి అందరూ చెప్పుకునేదే. 1930 నుంచి 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. మధురై జైలులో ఏకాంత నిర్బంధంలో ఆరోగ్యం దెబ్బతింది.

జైలు ఆమెకు మరో చదువు చెప్పింది. అక్కడ శిక్ష అనుభవిస్తున్న ఆడ ఖైదీలతో ఆమెకు పరిచయం కలిగింది. చాలామందికి తమ మీద ఉన్న కేసు ఏమిటో సరిగా తెలియదు. చదవడం రాదు. కోర్టులో ఏం చెప్పుకోవాలో చెప్పేవారు లేరు. చదువు లేకపోతే మనిషి తన మీద పడ్డ నేరాన్ని కూడా చదువుకోలేదని ఆమె కళ్ళారా చూశారు. లా చదవాలన్న నిర్ణయం అక్కడే పుట్టింది. అయితే లా చదవాలంటే డిగ్రీ కావాలి, డిగ్రీకి మెట్రిక్ కావాలి. ఆమెకు చెప్పుకోదగ్గ బడి చదువే లేదు. వయసు ఇరవై నాలుగు.

ఆ వయసులో ఆమె మళ్ళీ ఇంగ్లీషు అక్షరాలతో కుస్తీ పట్టి, బనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షను ప్రైవేటుగా రాసి ప్యాసయ్యారు. తర్వాత ఇంటర్. డిగ్రీలో రాజనీతి శాస్త్రం చదవాలని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే, ఆడవాళ్ళకు హాస్టల్ లేదు కాబట్టి సీటు ఇవ్వడం కష్టమన్నారు. హాస్టల్ విద్యార్థులం కనుక మేము ఈ ఘట్టం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాం. ఆమె బతిమాలుకోలేదు, అలాగని తిరిగి వెళ్ళిపోనూ లేదు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయండని పత్రికలో ప్రకటన ఇచ్చారు. ఉత్తరాలు వచ్చాయి. అలా కలిసినవాళ్ళంతా చేరి ఒక ఇల్లు చూసుకుని తామే హాస్టల్ పెట్టుకున్నారు. అప్పుడు సీటు ఇవ్వక తప్పలేదు. తన ఒక్కదాని సమస్య అనుకున్నది నిజానికి ఎంతోమంది సమస్య అని కనిపెట్టి, ఆ ఎంతోమందినీ వెతికి పోగు చేయడం ఆమె పద్ధతి. బి.ఏ. ఆనర్స్, ఎం.ఏ. పూర్తయ్యాక మద్రాసులో లా చదివి 1942లో పట్టా పుచ్చుకుని అక్కడే ప్రాక్టీసు పెట్టారు. క్రిమినల్ లాయరుగా మంచి పేరు తెచ్చుకున్నారు.

ఈ చదువుల నడుమనే 1937లో మద్రాసు మైలాపూరులో ఆంధ్ర మహిళా సభకు బీజం పడింది. మొదట అది చుట్టుపక్కల తెలుగు పిల్లలు, ఆడవాళ్ళు కలుసుకుని హిందీ, ఆటపాటలు నేర్చుకునే చిన్న సంఘం మాత్రమే. మెల్లగా అక్కడికి వేరే రకం మనుషులు రాసాగారు. బాల వితంతువులు, కాపురం చెడినవాళ్ళు, ఇంట్లో రెండు పూటలా అన్నం పెట్టినా మనిషిగా చూడనివాళ్ళు. వీళ్ళకు ఆశ్రయం ఇస్తే సరిపోతుందా? అనాథాశ్రమంలో జీవితాంతం ఉంచేస్తారా? దుర్గాబాయి గారు సభను అలా నడపలేదు. వచ్చిన మనిషి వెళ్ళేటప్పుడు చేతిలో ఒక పనితో వెళ్ళాలి. కుట్టుపని, నేత వంటి చేతిపనులు నేర్పారు. తర్వాత ఆసుపత్రి పెట్టి నర్సు, మంత్రసాని శిక్షణ ఇచ్చారు. వీటికి తోడు ఒక తరగతి గది. తాను రాసిన బనారస్ మెట్రిక్ పరీక్షకే ఈ ఆడవాళ్ళను తయారుచేశారు. తాను నడిచిన దారి తనకు తెలుసు, అందులో ఎక్కడ రాళ్ళున్నాయో తెలుసు, అందుకే పాఠం అక్కడి నుంచి మొదలైంది. 1946లో గాంధీజీ మద్రాసు వచ్చినప్పుడు సభ భవనానికి శంకుస్థాపన చేశారు.

ఆ రోజుల్లోనే జరిగిన ఒక సంగతి ఆమె జీవితంలో అన్నిటికంటే పెద్దదని మాకు అనిపిస్తుంది. 1941లో ఆమె మొదటి భర్త చనిపోయారు. ఆయన రెండో భార్య వితంతువయ్యారు, దిక్కులేనివారయ్యారు. ఆమెకు దుర్గాబాయి గారే చోటు చూపారు. తమ సంస్థలో చేర్చుకుని వృత్తి శిక్షణ ఇప్పించారు. ఆవిడ తర్వాత హైదరాబాదులో చేతిపనుల శిక్షణ సంస్థలో టీచరుగా పనిచేశారు. మామూలుగా మన ఊళ్ళల్లో ఇలాంటి ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడితే జరిగేది వేరు. ఇక్కడ ఒకరు మరొకరికి చీరలూ, డబ్బులూ ఇచ్చి పంపలేదు. పని నేర్పారు. నేర్చుకున్న ఆవిడ మరికొందరికి నేర్పే స్థితికి వచ్చారు. దయకూ, ఆసరాకూ తేడా ఇంతకంటే బాగా చెప్పే కథ మాకు దొరకలేదు.

1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాపతి లేనప్పుడు సభ నడిపే అధ్యక్షుల పట్టికలో ఉన్న ఏకైక మహిళ ఆమె. స్త్రీలకు ఆస్తి హక్కు కోసం గట్టిగా వాదించారు. 1952 ఎన్నికలలో మాత్రం ఓడిపోయారు. ఓటమి తర్వాత ప్రణాళికా సంఘం సభ్యురాలిగా ఆమెకు పెద్ద బాధ్యత దక్కింది. 1953 జనవరిలో కేంద్ర ఆర్థిక మంత్రి, అంతకుముందు రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నరు అయిన చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. ఇద్దరివీ వేర్వేరు భాషలు, వేర్వేరు పెంపకాలు. సేవే ఇద్దరినీ కలిపింది.

అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షురాలు ఆమే. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సహాయం కోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. 1954 నుంచి పల్లెల్లో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలయ్యాయి. సుమారు 25 గ్రామాలను ఒక జట్టుగా చేసి, పిల్లలకు బాల్వాడీ, గర్భిణులకు మంత్రసాని, ఆడవాళ్ళకు చేతిపని నేర్పే టీచరు, వీటన్నిటినీ చూసుకునే గ్రామసేవిక. కాగితం మీద చక్కగా ఉంది. అయితే ఇంతమంది గ్రామసేవికలు, నర్సులు, టీచర్లు ఎక్కడి నుంచి వస్తారు?

ఇక్కడే ఆమె లెక్క మొదలవుతుంది. ఉద్యోగాలు ఉన్నాయి. వాటికి ఎనిమిదో తరగతో మెట్రికో ప్యాసై ఉండాలి. పల్లెల్లో అంత చదివిన ఆడవాళ్ళు చాలా తక్కువ. పట్నంలో చదివినవాళ్ళు పల్లెకు రారు, వచ్చినా నిలవరు. అదే పల్లెల్లో పని దొరికితే చాలని ఎదురుచూసే వితంతువులు, ఒంటరి ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకు ఊరి సంగతులు తెలుసు, ఊరి యాస వచ్చు, ఊళ్ళోనే ఉంటారు. వాళ్ళకు లేనిది ఆ ఒక్క సర్టిఫికెట్. చిన్నపిల్లలతో కలిసి మళ్ళీ మొదటి తరగతి నుంచి కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? పెద్దవాళ్ళకు పెద్దవాళ్ళ బుర్ర ఉంటుంది. పదేళ్ళు పట్టే చదువును వాళ్ళు రెండేళ్ళలో పట్టుకోగలరు. దానికి తానే సాక్ష్యం, మైలాపూరు తరగతి గదిలో ప్యాసైన ఆడవాళ్ళు సాక్ష్యం.

అలా 1958లో బోర్డు తరఫున వయోజన స్త్రీలకు కండెన్స్‌డ్ కోర్సులు మొదలయ్యాయి. చదువు వయసు దాటిన స్త్రీలను స్వచ్ఛంద సంస్థల దగ్గర చేర్చి, అక్కడే ఉండి తినే ఏర్పాటు చేసి, రెండేళ్ళలో పరీక్షకు కూర్చోబెట్టేవారు. ఒక రకంగా అవి కూడా మనలాంటి హాస్టళ్ళే. ప్యాసైనవాళ్ళు గ్రామసేవిక శిక్షణకో, నర్సు శిక్షణకో, టీచర్ ట్రైనింగుకో వెళ్ళేవారు. అదే ఏడాది మరో పథకం కూడా వచ్చింది. పరీక్షలు రాయలేనివాళ్ళ కోసం స్వచ్ఛంద సంస్థలు చిన్న చిన్న ఉత్పత్తి కేంద్రాలు పెట్టుకోవడానికి సహాయం చేసే సామాజిక ఆర్థిక కార్యక్రమం అది. మొదట చేతిపనులు, చిన్న పరిశ్రమలు. తర్వాత పాడి, కోళ్ళ పెంపకం వంటివి కూడా చేరాయి.

ఈ రెండు పథకాలను ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ రోజుల్లో కూడా మూడు నెలలు కుట్టుపని నేర్పి, ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి, ఫొటో తీసి పంపించేసే శిక్షణలు మనం చూస్తూనే ఉన్నాం. ఊళ్ళో జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు ఎందరు, కుట్టేవాళ్ళు ఎందరు అని ఎవరూ లెక్క చూడరు. ఏడాది తిరిగేసరికి మిషను ఇంటి మూలలో గుడ్డ కప్పుకుని ఉంటుంది. దుర్గాబాయి గారు ముందు ఉద్యోగం ఎక్కడ ఉందో చూశారు, ఆ ఉద్యోగానికి ఏ పరీక్ష అడ్డమో చూశారు, తర్వాత ఆ పరీక్షకు పాఠం చెప్పించారు. శిక్షణ నుంచి ఉపాధిని వెతకలేదు, ఉపాధి నుంచి శిక్షణను వెతికారు.

అలాగని ఆమె చేసిన ఏర్పాట్లు అందరికీ అందాయని మేము అనలేం. ఆమె అగ్రవర్ణంలో, చదువు మీద గౌరవం ఉన్న ఇంట్లో పుట్టారు. రెండేళ్ళు ఇల్లు వదిలి చదువుకోవడం కుదిరేది ఎవరికి? ఏ పూట కూలి ఆ పూట కూటికే సరిపోయే మన అమ్మలు, నాయనమ్మలు పిల్లలను ఎవరి దగ్గర వదిలి వెళ్ళగలరు? పైగా ఈ కోర్సులు నడిపే సంస్థలు చాలావరకు పట్నాల్లో ఉండేవి. దళితవాడ, తండా దాకా ఆ కబురు రావడమే కష్టం. నాట్లకూ, కలుపుకూ వెళ్ళే స్త్రీ చేతిలో అప్పటికే ఒక గొప్ప పనితనం ఉంది. దానికి సర్టిఫికెట్టూ లేదు, సరైన కూలీ లేదు. ఈ సంగతి ఆ పథకాలలో అంతగా కనబడదు. ఇది చెప్పడం ఆమెను తక్కువ చేయడం కాదని మా అభిప్రాయం. ఆమె వేసిన బాట ఎక్కడి దాకా వచ్చి ఆగిందో తెలిస్తేనే అక్కడి నుంచి ముందుకు వేయగలం.

1958లోనే స్త్రీ విద్యపై జాతీయ స్థాయి సంఘానికి ఆమె అధ్యక్షత వహించారు. మరుసటి ఏడాది వచ్చిన ఆ నివేదిక ఆడపిల్లల చదువును విడిగా, ప్రత్యేక సమస్యగా చూడాలని ప్రభుత్వానికి గట్టిగా చెప్పింది. ఆంధ్ర మహిళా సభ హైదరాబాదుకూ విస్తరించింది. ఆసుపత్రి వచ్చింది, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కళాశాలలు, అక్షరాస్యతా భవన్ వచ్చాయి. అక్షరాస్యత కృషికి 1971లో నెహ్రూ లిటరసీ అవార్డు, 1975లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. ఆరోగ్యం ఏనాడూ సరిగా లేకపోయినా పని ఆపలేదు. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది దేశ్‌ముఖ్ గారు కూడా మరణించారు.

1982లో కేంద్ర ప్రభుత్వం డ్వాక్రా పథకం మొదలుపెట్టింది. ఆమె దాన్ని చూడలేదు. పల్లెటూరి ఆడవాళ్ళు పది, పదిహేను మంది కలిసి సంఘంగా ఏర్పడి, పొదుపు చేసి, పని చూసుకోవడం తర్వాత మన రాష్ట్రంలో ఊరూరా పాకింది. కూలికి వెళ్ళే మన అమ్మలకు అందిన మొదటి పథకం నిజానికి అదేనని చెప్పాలి. ఇల్లు వదలనక్కర లేదు, సంఘం సమావేశం ఊళ్ళోనే. అయితే సంఘం పుస్తకం రాయడానికి నాలుగు ముక్కలు చదివినవాళ్ళు కావాల్సి వచ్చింది. దొరకని చోట సంఘం లెక్కలు మగవాళ్ళ చేతిలోకి పోయాయి. చదువు, సంపాదన ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని ఆమె ముందే పట్టుకున్న సంగతి అక్కడ మళ్ళీ బయటపడింది.

ఆమె పేరిట మన జిల్లాల్లో స్త్రీలకు వృత్తి శిక్షణ ఇచ్చే మహిళా శిశు వికాస కేంద్రాలు పెట్టారు. ఇక ఆమె కండెన్స్‌డ్ కోర్సు ఆలోచనకు దగ్గరి బంధువు ఓపెన్ స్కూల్. 1991లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సార్వత్రిక విద్యాపీఠం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ వేర్వేరుగా నడుస్తోంది. పద్నాలుగేళ్ళు నిండిన ఎవరైనా బడికి రోజూ వెళ్ళకుండా పదో తరగతి రాయవచ్చు. పై వయసుకు హద్దు లేదు. ప్యాసైతే పదో తరగతి అడిగే ఉద్యోగానికైనా, శిక్షణకైనా అది పనికివస్తుంది. అడ్మిషన్ల ప్రకటన ఏటా పేపర్లలో పడుతుంది. స్టడీ సెంటర్లు చాలాచోట్ల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనే ఉంటాయి కనుక, మీ మండల కేంద్రంలోని హైస్కూలు హెడ్మాస్టరు గారిని అడిగితే వివరాలు చెబుతారు. దరఖాస్తు నింపడం ఇంట్లో అక్కకు రాకపోతే, సెలవుల్లో వెళ్ళినప్పుడు మనం నింపవచ్చు.